చెరువు జాతకం

*వానలొస్తున్నాయంటే ఓరుగల్లు చుట్టుపక్కల ఇంజనీర్లు చెరువుల కాగితాలు దులుపుతారు. ఒకే చెరువుకు ఒక్కో కాగితంలో ఒక్కో లెక్క ఉంటే ఏమవుతుంది? ఒకే నమూనాలో రాస్తే ఆ తేడా పోతుందా?*

హనుమకొండ నుంచి బండి మీద అరగంట వెళ్తే వచ్చే ఊరు. మే నెలాఖరు. నీళ్లు తూము అడుక్కి జారిపోయాయి, శిఖంలో బర్రెలు మేస్తున్నాయి. కట్ట మీద చింతచెట్టు నీడలో యువ ఇంజనీరొకామె మూడు కాగితాలు పరుచుకుని కూర్చుంది. గాలికి లేవకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి.

మూడూ ఆ చెరువువే. మొదటిది అంచులు పొడిపొడిగా రాలుతున్న టైపు కాగితం. అందులో ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండుగా ఉన్నప్పటి నీటి మట్టం, 890.25 అని ఉంది. రెండోది పూడికతీత కోసం పదేళ్ల కింద వేసిన ఎస్టిమేటు. అందులో 98.500. మూడోది ఈమధ్యే పరికరం పెట్టి కొలిచిన లెక్క, 271.350. వానలు పడేలోపు ఆమె నాలుగో కాగితం నింపి పంపాలి. అందులోనూ అదే గడి. ఏ అంకె వేయాలి?

దూరం నుంచి చూస్తూ వచ్చిన ముసలాయన చేతికర్రను చెట్టుకు ఆనించి కూలబడ్డాడు. తాతల నాటి నుంచీ ఆ ఇంటివాళ్లే ఊరి నీరట్లు, తూములు తీసి నీళ్లు వదిలేవాళ్లు.

"ఏం బిడ్డా, లెక్క కుదుర్తలేదా?"

"చెరువు నిండితే నీళ్లు ఎంతదాకా వస్తయో రాయాలె తాతా. మూడు కాగితాలల్ల మూడు తీర్ల ఉంది."

"గా అంకెలు నాకు తెల్వయి. మత్తడి పక్కన గోడకు మూడు రాళ్లు బయటికి ఉన్నయ్ జూడు. నడిమి రాయి మునిగిందంటే తూము తియ్యాలె. మీది రాయి మునిగిందంటే కింది వాడోళ్లను లేపాలె. మా నాయిన నాకు చెప్పిండు, నేను నా కొడుక్కు చెప్పిన. వాడిప్పుడు సూరత్‌ల ఉంటడు."

ఆమె టైపు కాగితాన్ని వెనక్కి తిప్పి మూడు రాళ్ల బొమ్మ గీసుకుంది. నింపాల్సిన నమూనాలో మాత్రం ఆ రాళ్లకు గడి లేదు.

పన్నెండు గళ్ల చక్రం

జాతకచక్రానికి పన్నెండు గళ్లు. జమీందారు బిడ్డకైనా జీతగాడి బిడ్డకైనా అవే. అందుకే పరకాలలో రాయించిన జాతకాన్ని నర్సంపేట సిద్ధాంతి కూడా చదవగలడు. చెరువుకూ అలాంటి చక్రం ఉంది. ఇంజనీర్లు దాన్ని 'హైడ్రాలిక్ పార్టిక్యులర్స్' అంటారు. ఒకటి రెండు పేజీలకు మించదు. చెరువుకు కట్ట తెగినా, పూడిక తీసినా, శిఖం మీద కోర్టులో కేసు పడినా మొట్టమొదట అడిగేది ఆ పేజీనే.

> జాతకంలో ఏముంటుంది?
> చెరువు పేరు, ఊరు, మండలం. పరీవాహక ప్రాంతం ఎన్ని చదరపు మైళ్లు, ఆయకట్టు ఎన్నెకరాలు. నిల్వ ఎన్ని మిలియన్ ఘనపుటడుగులు. తూములు ఎన్ని, వాటి అడుగు మట్టం ఎంత. మత్తడి పొడవెంత. ఆ తర్వాత మూడు మట్టాలు: నిండు మట్టం (ఎఫ్‌టీఎల్), వరద ఎక్కువై మత్తడి దుంకేటప్పుడు నీళ్లు చేరగల గరిష్ఠ మట్టం (ఎండబ్ల్యూఎల్), కట్ట పైమట్టం (టీబీఎల్). చివరి రెండింటి మధ్య తేడాయే ఊరికి మిగిలిన భరోసా.

ఈ పని కోస్తా, రాయలసీమల్లో ముందే మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1883లో వచ్చిన చెరువుల పునరుద్ధరణ పథకం కింద ఒక్కో చెరువునూ కొలిచి, ఒకే వరసలో వివరాలు రాసి 'మెమోయిర్' తయారుచేసేవారు. ఇటువైపు నిజాం రాజ్యం. ఇక్కడి కొలతలు వేరు, దఫ్తరం భాష ఉర్దూ. మనం అచ్చ తెలుగనుకునే 'శిఖం' కూడా ఆ దారిన వచ్చిందే. ఫారసీలో షికమ్ అంటే కడుపు. చెరువు కడుపులోని భూమి శిఖం భూమి అయింది. ఆ మాట తెలిసినవాడు అక్కడ ఇల్లు కట్టడానికి ఒక్క క్షణమైనా జంకుతాడనిపిస్తుంది.

ఆ తర్వాతా చెరువులు ఒక్క చేతిలో లేవు. వంద ఎకరాల ఆయకట్టు దాటితే ఒక శాఖ, అంతకు తక్కువైతే పంచాయతీలు. ఎవరి రిజిస్టరు వారిది. ఈ ఫైళ్లన్నీ ఒక్కచోటికి చేరే దారి పడింది ఈ మధ్యనే. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయలో ఏటా వేల చెరువులకు ఎస్టిమేట్లు వేయాల్సివచ్చింది. ఆపైన 2021 నాటికి తెలంగాణలో భారీ, మధ్యతరహా, చిన్నతరహా నీటిపారుదల విభాగాలను కలిపేశారు. అప్పుడు గానీ ఒకే చెరువు కాగితాలు రెండు మూడు పక్కపక్కన పెట్టి చూసే అవసరం రాలేదు. పెట్టి చూస్తే ఏం కనిపిస్తుందో చింతచెట్టు కింద చూశాం.

పుట్టిన వేళ తప్పితే

ఆ మూడంకెల్లో నిజానికి రెండు ఒకటే. 890.25 అడుగులను మీటర్లలోకి మారిస్తే 271.35 వస్తుంది. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా చెరువుల దగ్గర అడుగులూ ఎకరాలూ ఇంకా పోలేదు. పాత కాగితం రాసినాయన 'అడుగులు' అని చిన్నగా రాసి ఉంటే ఒక పూట మిగిలేది.

మరి 98.500 ఎక్కడిది? ఖాజీపేట స్టేషన్లో ప్లాట్‌ఫాం చివర పసుపుపచ్చ బోర్డు అందరూ చూసిందే. ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు ఇన్ని మీటర్లని ఉంటుంది. దేశంలో ఏ స్టేషన్ బోర్డయినా ఆ సముద్రం నుంచే లెక్క. కాబట్టి ఖాజీపేట ఎత్తును విజయవాడ ఎత్తుతో పోల్చవచ్చు. చెరువు మట్టాన్నీ అలాగే సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కు నుంచి తీసుకురావాలి. కానీ ఆ గుర్తు ఐదారు కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఎస్టిమేటు రేపే పంపాలి. అప్పుడు చాలామంది చేసేది ఒకటే. తూము గోడ మీద ఒక రాయిని చూసుకుని 'ఇది 100.000 అనుకుందాం' అనుకుని మిగతా మట్టాలన్నీ దాన్నుంచి కొలుస్తారు. పూడికెంత, మట్టెంత, బిల్లెంత అన్నంతవరకూ దాంతో ఏ నష్టమూ లేదు. మర్నాడు ఆ రాయి ఏదో రాయడం మరిచిపోతేనే చిక్కు. జాతకం రాసి పుట్టిన వేళ దాచినట్టు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మూడు కాగితాల నమూనా ఒకటే. గళ్లు ఒకే వరసలో, శీర్షికలు ఒకే అక్షరాల్లో ఉన్నాయి. చూపుకు ముచ్చటగా ఉన్నాయి కూడా. లోపం గడి పక్కన ఉంది. ఎఫ్‌టీఎల్ అని అడిగారు గానీ 'దేని నుంచి, ఏ కొలతలో, ఎవరు, ఏనాడు' అని అడగలేదు. నమూనా పోలిక తెచ్చింది, పొందిక తేలేదు.

గొలుసులో ఒక రింగు

ఒంటరి చెరువైతే తన లెక్క తనకు చాలు. ఓరుగల్లు చెరువులు ఒంటరివి కావు. పై చెరువు మత్తడి దుంకిన నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే దాని కింది కుంటలోకి, చివరికి వాగులోకి. కాకతీయుల కాలంలో, ఆ తర్వాతా కట్టిన గొలుసుకట్టు ఇది. అందువల్ల పై చెరువు ఎండబ్ల్యూఎల్ ఎంతో తెలియకుండా కింది చెరువు కట్ట ఎంత ఎత్తుండాలో చెప్పలేం. ఒకదాని మట్టం సముద్రం నుంచి, ఇంకోదాని మట్టం తూము రాయి నుంచి లెక్కేసి ఉంటే వాటి మధ్య తీసివేత చేసే వీలే లేదు.

2023 జులై చివరి వారం ఈ జిల్లాలకు ఇంకా గుర్తుంది. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 27వ తేదీ ఉదయానికి 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ల కప్పుల మీదా చెట్ల మీదా ప్రాణాలు అరచేత పట్టుకుని తెల్లవార్లూ ఉన్నారు. వరంగల్ నగరంలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంత వానకు ఏ కాగితమూ అడ్డం నిలవదు, నిజమే. కానీ ఏ వాడను ముందు లేపాలో, ఏ తూము ముందు తీయాలో చెప్పగలిగేది మాత్రం కాగితమే, లేదంటే నీరటి. నీరటి కొడుకు సూరత్‌లో ఉన్నాడు.

మత్తడి పొడవు లెక్కలోనూ ఇదే కథ. హైదరాబాద్ రాజ్య చీఫ్ ఇంజనీరుగా నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు, జులై 11ని, మనం తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దక్కన్ వాగులకు ఎంత వరద రావచ్చో అంచనా వేసే సూత్రం ఒకటి ఆయన పేరు మీదే ఉంది. అందులో నేలను బట్టి ఎంచుకోవాల్సిన స్థిరాంకం ఒకటుంది, 48 నుంచి 60 దాకా. ఎంచుకోవడమంటే వాలు చూడాలి, మట్టి చూడాలి. పక్క చెరువు ఫైల్లో 48 ఉందని ఇక్కడా 48 వేస్తే, మత్తడి కాగితం మీద సరిపోతుంది, వరదకు సరిపోదు.

రాతి మీది నమూనా

ఒకే వరసలో రాయడం మనకు ఇంగ్లిషువాళ్లు నేర్పిన విద్యేం కాదు. వేయిస్తంభాల గుడిలో కాకతీయ రుద్రదేవుడి శాసనం చూడండి. దాని తేదీని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోలేదు. శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం. వీటిలో ఒకటి చెరిగిపోయినా మిగతావాటితో సరిచూసుకోవచ్చు. అందుకే పండితులు లెక్కగట్టి అది 1163 జనవరి 19 అని తేల్చగలిగారు. దానశాసనాల్లో ఈ వరస ఇంకా కట్టుదిట్టం: మంగళం, రాజు ప్రశస్తి, తేదీ, దాత, దానం, పొలిమేరలు, చివర దానం కాజేసినవాడికి శాపం. పొలిమేరలు చెప్పేటప్పుడు ఈ గుట్ట, ఆ వాగు, ఫలానా చెట్టు అంటూ కంటికి ఆనేవే చెప్పేవారు. నీరటి చెప్పిన మూడు రాళ్లు ఆ కోవలోవే.

గణపతిదేవుడి సోదరి మైలాంబ చెరువు తవ్వించి వేయించిన బయ్యారం శాసనం ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కాకతీయుల వంశక్రమం తేల్చడానికి చరిత్రకారులు మొదట పట్టుకునేవాటిలో అదొకటి. ఒక చెరువు కాగితం, రాయి అనండి, రాజవంశానికే జాతకమైంది.

> పోరుమామిళ్ల పాఠం
> కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ అందులో వరసగా చెక్కారు. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం దోషాల్లో కొన్ని. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేస్తే రెండేళ్లు పట్టిందనీ ఉంది. అంటే ఎస్టిమేటూ కంప్లీషన్ రిపోర్టూ ఒకే రాతి మీద.

'ఈ చెరువు కాకతీయుల కాలం నాటిది'

ఎస్టిమేటు మొదట్లో 'చరిత్ర' అనే పేరా ఒకటుంటుంది. ఓరుగల్లు చుట్టుపక్కల ఫైళ్లు నాలుగు తిరగేస్తే నాలుగింటిలోనూ ఈ వాక్యం కనిపించే అవకాశం గట్టిగానే ఉంది. ఊళ్లో పెద్దల్ని అడిగితే ఆ కుంట మా తాత హయాంలో తవ్వుకున్నదే అంటారు. కాగితంలో మాత్రం దానికి ఎనిమిది వందల ఏళ్లు.

ఇది కంప్యూటరు తెచ్చిన జబ్బు. పాత ఫైలు తెరిచి, వేరే పేరుతో దాచుకుని, ఊరి పేరు మార్చి పంపేయడం. పేరు మొదటి పేజీలో మారుతుంది, పదిహేడో పేజీలో మారదు. అలా ఒక ఊరి చెరువు రివిట్‌మెంటు ఎస్టిమేటులో పక్క మండలం చెరువు తూము నడిచొచ్చి కూర్చుంటుంది. ఇంజనీర్లు దీని మీద జోకులు వేసుకుంటారు. ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు, రైతు పొలం ఎఫ్‌టీఎల్ లోపల పడిందని నోటీసు అందినప్పుడు జోకు కాస్తా పోతుంది. పట్టా తన పేరు మీదే ఉండగా అంకె తనది కాదని నిరూపించుకోవడానికి ఆ రైతు ఎన్ని మెట్లెక్కాలో ఊహించండి. చెరువుల ఆక్రమణలు తొలగించే 'హైడ్రా' సంస్థ వచ్చాక హైదరాబాద్‌లో ఎఫ్‌టీఎల్ అన్న మాట ఇంటింటికీ తెలిసింది. ఓరుగల్లుకూ ఆ రోజు దూరం లేదు.

పాత ఫైలు నమూనా కాదు. దాని నిండా ఇంకొకరి జవాబులుంటాయి. నమూనా ఖాళీగా ఉండాలి, ఖాళీని ఎత్తి చూపాలి. చెరువు పేరు ఒక్కచోట టైపు చేస్తే నలభై పేజీల్లోనూ అదే రావాలి. మట్టం గడి నింపి బెంచ్‌మార్కు గడి వదిలేస్తే కాగితం ముందుకు కదలకూడదు. ఎవరికీ తెలియని వివరం దగ్గర 'కొలవలేదు' అని రాసే చోటుండాలి. ఇది లేకపోతే మనిషి ఏదో ఒక అంకె వేసి గండం గట్టెక్కుతాడు. ఈమాత్రం పనికి ఏ పెద్ద సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. వర్డ్, ఎక్సెల్ చాలు. కావాల్సిందల్లా ఎవరో ఒకరు వారం రోజులు కూర్చోవడం.

> ఒక మాటకు ఒక అర్థం
> విమానాల మరమ్మతు పుస్తకాలు రాసేవాళ్లకు ఎస్‌టీఈ-100 అనే నియమావళి ఉంది. వాడదగ్గ మాటల పట్టీ అందులోనే ఉంటుంది. ఒక మాటకు ఒకే అర్థం. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. మరి మనకో? ఒకరు మత్తడి అంటే ఒకరు అలుగంటారు, మూడోవారు వియ్యర్ అని రాస్తారు. అంతవరకు ఫరవాలేదు. గండి, బుంగ, కోత అనే మూడింటినీ కలిపి 'డ్యామేజీ' అని రాస్తేనే కొంప మునిగేది. గండి పడితే ఊరు ఖాళీ చేయించాలి, బుంగ పడితే ఇసుక బస్తాలు పరుగున తేవాలి, కోతైతే తెల్లారి చూడొచ్చు.

ఇంతకీ చెరువులెన్ని?

మిషన్ కాకతీయకు ముందు చేసిన సర్వేలో తెలంగాణ చెరువులు, కుంటలు 46,531 అని తేలాయి. కేంద్రం 2023లో ప్రచురించిన మొదటి జలవనరుల గణనలో రాష్ట్ర లెక్క 64,056. ఈలోపు చెరువులు పుట్టుకురాలేదు. మొదటి నమూనా సేద్యపు చెరువుల్ని అడిగింది. రెండోది ఏ అవసరానికైనా నీళ్లు నిలిపే చోట్లన్నిటినీ అడిగింది. రెండూ తప్పు కాదు. రెండింటినీ ఒక వాక్యంలో పక్కపక్కన పెట్టి 'పెరిగాయి' అనో 'దాచారు' అనో చెప్పడమే తప్పు.

అర్ధరాత్రి చదివే కాగితం

పెద్ద ఆనకట్టలకు కొంత మేలు జరిగింది. కేంద్ర జలసంఘం 2018 జనవరిలో, ఆనకట్టల నిర్వహణ పుస్తకం ఎలా రాయాలో మార్గదర్శకాలు తెచ్చింది. ఏ అధ్యాయం తర్వాత ఏది, తనిఖీ పట్టికలో ఏ గళ్లు ఉండాలి, అన్నీ ఉన్నాయి. 2021 ఆనకట్టల భద్రతా చట్టం వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ తప్పదంది. కానీ ఆ చట్టం 15 మీటర్లకు పైబడిన కట్టలకు, కొన్ని షరతుల మీద 10 నుంచి 15 మీటర్ల కట్టలకు వర్తిస్తుంది. మన ఊరి చెరువు కట్ట అంతెత్తు ఉండదు. దాని కింద ఊరు మాత్రం ఉంటుంది.

నమూనా చేసేవాళ్లు ఎవరిని తలుచుకుని చేస్తారన్నదే నా దృష్టిలో అసలు విషయం. ఇప్పటివి బిల్లు పాస్ చేసేవారి కోసం చేసినవి. అందుకే మట్టి ఘనపు మీటర్లకు అర పేజీ ఉంటుంది, కట్ట దగ్గరికి వానలో ఏ దారిన వెళ్లాలో ఒక్క గడి ఉండదు. ఆగస్టు నెలలో రాత్రి రెండు గంటలకు, కరెంటు పోయి, ఫోన్ వెలుగులో ఆ పేజీ చదివే లష్కర్‌నో, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఏఈనో తలుచుకుని చేస్తే గళ్లు వేరే వరసలో పడతాయి. తూము తాళం ఎవరింట్లో ఉంది? ఇసుక బస్తాలు ఎక్కడున్నాయి? కింద మొదట మునిగే వాడ ఏది?

చింతచెట్టు కింద కూర్చున్న ఇంజనీరు ఆ మధ్యాహ్నం ఎఫ్‌టీఎల్ గడిలో 271.350 వేసింది. పక్కన చేతిరాతతో 'సముద్రమట్టం నుంచి, మీటర్లలో' అని చేర్చి తేదీ వేసింది. 98.500 రాసిననాడు వంద అనుకున్నది ఏ రాయో పెద్దాయనకు తెలుసు. ఆయన వెంట వెళ్లి తూము గోడ మీద దాన్ని చూసి సున్నం గీత గీయించింది. చివర 'రిమార్కులు' అని రెండంగుళాల ఖాళీ ఉంటే అందులో మూడు రాళ్ల సంగతి రాసింది. పై ఆఫీసులో ఆ ఖాళీ చదువుతారో లేదో ఆమెకు నమ్మకం లేదు.

మీ ఊళ్లో చెరువుందా? వానలు ముదరకముందే ఒకసారి మత్తడి దాకా నడిచి వెళ్లండి. నిండు మట్టం గుర్తు రాయి మీద ఉందో లేదో చూడండి. ఇంట్లో పాత నక్షా, రసీదు, శిఖం కాగితం ఏదున్నా మీ సెక్షన్ ఇంజనీరుకు ఫొటో తీసి ఇవ్వండి. నీరటి ఇంటివాళ్లు ఇంకా ఊళ్లోనే ఉంటే ముందు వాళ్లింటికి వెళ్లండి.